స్టేజ్ మీద ఎక్కడో తేడా కొడుతోందా? గిగ్స్ (ప్రోగ్రామ్‌లు) వాయించేవాళ్ళకి సమస్య - పరిష్కారం

నేను కీబోర్డ్ ప్లేయర్‌ని. పెళ్ళి సంగీత్‌లు, జూబ్లీహిల్స్ పబ్బులు, ఐటీ కంపెనీల వార్షికోత్సవాలు, గుళ్ళో భజనలు, హైదరాబాద్‌లో ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళి వాయించాను. నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఏమిటంటే, స్టేజ్ మీద కనిపించే తప్పుకి కారణం చాలాసార్లు స్టేజ్ మీద ఉండదు. సాయంత్రం నాలుగింటికి పార్కింగ్‌లోనో, రెండు రోజుల ముందు వాట్సాప్‌లోనో ఉంటుంది. అందుకే ప్రతి సమస్యనీ బయటికి ఎలా కనిపిస్తుందో అక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాను. మీకు తగిలింది ఏదో చూసుకుని నేరుగా దాని దగ్గరికి వెళ్ళండి.

సమస్య: సౌండ్ చెక్‌కి (షోకి ముందు మైకులు, వాద్యాల సౌండ్ సరిచూడటానికి) ఎప్పుడూ టైమ్ చాలదు

అందరం ట్రాఫిక్ మీదికి తోసేస్తాం. శుక్రవారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలికి గంటలో చేరిపోతానని బయల్దేరితే అది ట్రాఫిక్ తప్పు కాదు. అసలు కారణం వేరే. రిపోర్టింగ్ టైమ్ అంటే మనం గేటు దగ్గరికి చేరే టైమ్ అనుకుంటాం. సౌండ్ వాళ్ళ లెక్కలో అది కేబుల్ గుచ్చుకుని రెడీగా నిలబడే టైమ్. ఈ రెంటికీ మధ్య పెద్ద తతంగమే ఉంటుంది. స్టార్ హోటల్ అయితే సెక్యూరిటీ దగ్గర ఐడీ కార్డు, వెనక గేటు, సర్వీస్ లిఫ్ట్ కోసం కేటరింగ్ వాళ్ళ గిన్నెలతో పోటీ. అరగంట అక్కడే ఆవిరైపోతుంది.

చెప్పిన టైమ్‌కి గంట ముందు గేటు దగ్గర ఉండండి. బ్యాగు విప్పడం, స్టాండ్ బిగించడం స్టేజ్ కిందే కానిచ్చేయండి. మీకు ఎన్ని లైన్లు కావాలో, ఎన్ని మైకులు కావాలో ముందురోజే సౌండ్ అతనికి మెసేజ్ పెట్టండి. "కీబోర్డ్ స్టీరియో, రెండు డీఐ బాక్సులు, పాడే మైకులు మూడు" అని రాస్తే చాలు. (డీఐ బాక్స్ అంటే వాద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా.) అక్కడికి వెళ్ళాక మొదట అతని పేరు అడగండి. "ఓ సౌండ్ భయ్యా" అని పిలిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

సౌండ్ చెక్‌లో పిలిచినప్పుడే వాయించాలి. సౌండ్ అతను కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) సరిచూస్తుంటే గిటారిస్ట్ తనకొచ్చిన సోలోలన్నీ ఒలకబోయడం మన దగ్గర ఇంకా పోలేదు. మీ వంతు వచ్చినప్పుడు, షోలో మీరు వాయించబోయే వాటిలో అన్నింటికన్నా గట్టిగా వచ్చే సౌండే వినిపించండి. మెల్లగా చూపించి, షోలో రెండింతలు పెంచితే అతను చేసిన పనంతా వృథా.

సమస్య: నాది నాకు వినపడట్లేదు

దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం బ్యాండ్లు ఇక్కడే చెడిపోతాయి. మూడో పాటకల్లా అందరి వాల్యూమూ పెరిగిపోతుంది. పాడే అమ్మాయి గొంతు చించుకుంటుంది. సౌండ్ అతను చేతులెత్తేస్తాడు. బ్రేక్‌లో ఒకరి మీద ఒకరు చిరచిర.

మొదలు ఎక్కడంటే, గిటార్ యాంప్ నేల మీద ఉంటుంది. అది గిటారిస్ట్ మోకాళ్ళకి వినిపిస్తూ ఉంటుంది, చెవికి కాదు. అతను పెంచుతాడు. డ్రమ్మర్‌కి మిగతావి వినపడక గట్టిగా కొడతాడు. బేస్ అతను నేనేం తక్కువ అని ఇంకో గీత పైకి తిప్పుతాడు. చిన్న కేఫ్‌లో అయితే మిక్సర్‌లో గిటార్ ఫేడర్ (వాల్యూమ్ మీట) పూర్తిగా దించినా హాల్లో గిటార్ తగ్గదు. అది స్పీకర్లలోంచి రావట్లేదు కదా, స్టేజ్ మీద నుంచి నేరుగా జనం మీద పడుతోంది.

యాంప్‌ని కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చి మీ చెవి వైపు తిప్పండి. సగం గొడవ అక్కడే పోతుంది. ఇక మానిటర్‌లో (వాయించేవాళ్ళకి వినిపించడానికి స్టేజ్ మీద పెట్టే స్పీకర్) "నాది పెంచు" అనే ముందు ఏది తగ్గిస్తే నాది వినపడుతుందో చూసుకోండి. నాకైతే పదిసార్లలో ఏడెనిమిదిసార్లు కీబోర్డ్ పెంచాల్సిన పని రాలేదు, గిటార్ తగ్గిస్తే సరిపోయింది. అడిగేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే అడగండి, అదీ పాటకీ పాటకీ మధ్య. సౌండ్ అతని కళ్ళలోకి చూసి, మీ వాద్యాన్ని చూపించి, వేలు పైకో కిందికో. మైకులో "భయ్యా, మానిటర్ రావట్లే!" అని అరిస్తే జనానికి మానిటర్ అంటే ఏమిటో తెలియదు, ఇక్కడ ఏదో గొడవ జరుగుతోందని మాత్రం తెలుస్తుంది.

ఇయర్ మానిటర్లు (అదే సౌండ్‌ని చెవిలో వినిపించే ఇయర్‌ఫోన్లు) వాడేవాళ్ళు జనం కేకలు వినాలని ఒక చెవిది తీసేస్తుంటారు. అప్పుడు రెండో చెవిలో తెలియకుండానే వాల్యూమ్ పెంచుతారు. రాత్రి ఇంటికెళ్ళాక చెవిలో గుయ్‌మంటుంది. రెండూ పెట్టుకోండి, లేదంటే రెండూ తీసేయండి.

సమస్య: మైకు కీచుమని కూస్తోంది

మైకు తల చుట్టూ గుప్పిట బిగించి పాడుతున్నారేమో చూసుకోండి. మనం మామూలుగా వాడే పాట మైకు ముందు నుంచి వచ్చేది బాగా వింటుంది, వెనక నుంచి వచ్చేది చాలావరకు వదిలేస్తుంది. ఆ గుణం దానికి జాలీ వెనక భాగంలో ఉన్న సందుల వల్ల వస్తుంది. వాటిని చేత్తో మూసేస్తే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, కాళ్ళ దగ్గరున్న మానిటర్‌తో సహా. కూయగానే భయపడి మైకుని అరచేత్తో మూసేస్తాం చూడండి, అది ఇంకా పెంచుతుంది. మానిటర్ నుంచి మైకుని పక్కకి తిప్పండి. పాట లేనప్పుడు చెయ్యి కిందికి వేలాడేసి మైకు మూతిని మానిటర్‌కి చూపించకండి. మైకు పట్టుకుని మెయిన్ స్పీకర్ల ముందుకి దిగి జనంలోకి వెళ్ళాలనుకుంటే ముందే సౌండ్ అతనికి చెప్పాలి.

సమస్య: ఠప్‌మని పేలింది, లేదా ఆగకుండా బుయ్ మంటోంది

మొదటిది నేను చేసిన ఘనకార్యమే. ఒక సంగీత్‌లో మ్యూట్ చెయ్యమని చెప్పకుండా జాక్ పీకేశాను. ముందు వరసలో కూర్చున్న బామ్మగారు ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆ రాత్రి ఎంత బాగా వాయించానో ఎవరికీ గుర్తు లేదు, అది మాత్రం గుర్తుంది. గుచ్చే ముందు, పీకే ముందు చెయ్యి ఎత్తి సైగ చేయండి, అతను మ్యూట్ చేశాక తల ఊపుతాడు, అప్పుడే ముట్టుకోండి.

బుయ్ శబ్దం మన కరెంటు 50 హెర్ట్జ్ మోత. మీ యాంప్ ఒక ప్లగ్గులో, మిక్సర్ ఎక్కడో దూరంగా ఇంకో ప్లగ్గులో ఉంటే వస్తుంది. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే చాలాసార్లు పోతుంది. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకేసే తెలివి మాత్రం చూపించకండి, షాక్ కొడితే పెదవి మైకుకి అతుక్కుంటుంది.

సమస్య: పాట మధ్యలో కరెంటు పోయింది

మొయినాబాద్, శామీర్‌పేట్ వైపు ఫామ్‌హౌస్ గిగ్ అంటే ఇది ఎప్పుడో ఒకసారి ఖాయం. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లే. కానీ కీబోర్డ్ మళ్ళీ ఆన్ అయ్యి మన టోన్ దొరికేసరికి నిమిషం పడుతుంది. కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ ఒకటి కారులో ఉంచుకోండి. చీకట్లో అందరూ ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అన్నింటికన్నా చూడటానికి బాగోదు. కరెంటు అక్కర్లేని డ్రమ్సో, కహోనో (మీద కూర్చుని చేత్తో కొట్టే చెక్క పెట్టె), ఢోలకో లయ ఆపకూడదు, మిగతావాళ్ళు చప్పట్లు అందుకోవాలి. ఈ సంగతి ముందే అనుకుని ఉండాలి.

సమస్య: పాటకీ పాటకీ మధ్య జనం ఫోన్లు తీస్తున్నారు

మీరు ఏం చేస్తున్నారో చూడండి. సింగర్ మాట్లాడుతుంటే వెనక ఎవరో టింగ్ టింగ్ అని గెలుకుతున్నారు. ఇద్దరు తర్వాతి పాట ఏ స్కేల్ అని గుసగుసలాడుతున్నారు. సెట్‌లిస్ట్‌లో పాట పేరుతో పాటు స్కేల్, టెంపో, ఎవరు ఎత్తుకుంటారో రాసి ప్రతి ఒక్కరి కాళ్ళ దగ్గరా అంటించండి. గిటార్‌కి పెడల్ ట్యూనర్ ఉంటే సౌండ్ బయటికి రాకుండా శ్రుతి చేసుకోవచ్చు. ఏసీ గాలి నేరుగా తగిలితే ఉక్కు తీగ బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, లైట్ల వేడికి సాగి కిందికి దిగుతుంది. కాబట్టి గ్రీన్ రూమ్‌లో చేసుకున్న శ్రుతిని నమ్ముకుని స్టేజ్ ఎక్కకండి.

సమస్య: కచేరీలో మొదటి పది నిమిషాలు శ్రుతి చేసుకోవడంతోనే పోయాయి

రవీంద్రభారతి అయినా, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అయినా ఇదే కథ. కారణం ఒక్క ఫోన్ కాల్ చేయకపోవడం. గాయని ఐదున్నర శ్రుతిలో, అంటే హెచ్చు స్థాయిలో, పాడతారని మృదంగం ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఒకటి, ఒకటిన్నరకి పలికే తగ్గు శ్రుతి మృదంగం తెచ్చుకున్నారు. మృదంగాన్ని కొంతవరకే పైకి లాగగలం. అంత తేడా అది మొయ్యదు. పిలిచేటప్పుడే "ఐదున్నర శ్రుతి గురువుగారూ, హెచ్చు శ్రుతి మృదంగం తెచ్చుకోండి" అనాలి. తెర వెనక శ్రుతి చూసుకుని, తెర లేచాక చిన్న సవరణలే చేసుకోవాలి.

ఇంకొకటి. తని ఆవర్తనం (మృదంగం లాంటి లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగం) జరుగుతుంటే గాయకులు ఫోన్ చూసుకోవడం ఈమధ్య ఎక్కువైంది. తాళం వేస్తూ వినాల్సిన చోటు అది. సాహిత్యం ట్యాబ్‌లో పెట్టుకుంటే తప్పు లేదు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఆలాపన మధ్యలో వాట్సాప్ మోగడం నేను విన్నాను.

సమస్య: తప్పు వాయించాక అందరికీ తెలిసిపోయింది

తప్పు వల్ల కాదు, మీరు వెనక్కి తిరిగి డ్రమ్మర్‌ని చూసిన చూపు వల్ల తెలిసింది. మొహం మార్చకుండా తర్వాతి పల్లవిలో కలుసుకోండి. లెక్కలు బ్రేక్‌లో, అదీ అతిథులకి వినపడని చోట.

సమస్య: పెళ్ళికూతురి మామయ్య మైకు అడుగుతున్నాడు

"తమ్ముడూ, ఒక్క పాట, ఒక్కటే" అని స్టేజ్ ఎక్కేస్తారు. లాక్కుంటే గొడవ, ఇస్తే మైకు మళ్ళీ రాదు. నేను చేసేది ఇది: "తప్పకుండా సార్, ఈ పాట అవ్వగానే యాంకర్ పిలుస్తారు" అని నవ్వుతూ కిందికి పంపి, ఈవెంట్ మేనేజర్‌కి సైగ చేస్తాను. ఇవ్వాలా వద్దా అన్నది డబ్బిచ్చే కుటుంబం తేల్చుకోవాలి. ఇవ్వమంటే స్పేర్ మైకు ఇస్తాం, సింగర్ మైకు కాదు. ఆయన ఏ స్కేల్‌లో ఎత్తుకుంటే అందులోకి ట్రాన్స్‌పోజ్ బటన్‌తో వెళ్ళిపోతాను, వెక్కిరించకుండా.

బరాత్ గేటు దగ్గరికి వచ్చి మర్ఫా మొదలైతే మాత్రం ఆపేయండి. ఆ డప్పుల ముందు మీ సాఫ్ట్ మెలొడీ ఎవరికీ వినపడదు, వినపడాల్సిన అవసరమూ లేదు.

సమస్య: పదింటికి సౌండ్ ఆపేయమన్నారు, పెద్ద పాటలన్నీ మిగిలిపోయాయి

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న ఆడిటోరియాలకి, బాంక్వెట్ హాళ్ళకి లోపలి వరకు మినహాయింపు ఉంది. పండగల్లో, ఉత్సవాల్లో 12 దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. మన ఊళ్ళో ఏడింటి ప్రోగ్రామ్ తొమ్మిదింటికి మొదలవుతుందని తెలిసీ సెట్‌లిస్ట్‌ని రెండు గంటలకి రాసుకోవడమే తప్పు. లాన్‌లో వాయిస్తుంటే నలభై నిమిషాల సెట్ ఒకటి విడిగా సిద్ధంగా ఉంచుకోండి, హుషారు పాటలు ముందుకి తెచ్చి. పోలీసులు వస్తే మాట్లాడాల్సింది హోస్ట్, మనం కాదు. మైకులో వాళ్ళ మీద జోకులు వద్దు.

సమస్య: డబ్బుల దగ్గర మాట తేడా

ఫోన్‌లో "చూసుకుందాం అన్నా" అన్న ప్రతిదీ తర్వాత తేడా వస్తుంది. ఎన్ని సెట్లు, ఎన్నింటి వరకు, అదనపు గంటకి ఎంత, కారు ఖర్చు ఎవరిది, భోజనం ఉందా, టీడీఎస్ పట్టుకుంటారా, అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎప్పుడు అన్నవి ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో రాసి, వాళ్ళ చేత "ఓకే" అనిపించండి. బ్యాలెన్స్ గురించి లీడర్ ఒక్కరే అడగాలి. అప్పగింతలు జరుగుతుంటే పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళి నిలబడకండి.

సమస్య: బాగానే వాయించాను, మళ్ళీ ఫోన్ రావట్లేదు

పై వాటిలో ఏదీ కాకపోతే ఇక్కడ వెతకండి. మన సెట్ అయ్యాక తర్వాతి బ్యాండ్ ఎదురుచూస్తుంటే స్టేజ్ మీదే నిలబడి వైర్లు చుట్టామా? చెప్పకముందే అతిథుల బఫేలో ప్లేటు పట్టుకున్నామా? సౌండ్ బాలేదని ఇంటికెళ్ళి ఇన్‌స్టాలో స్టోరీ పెట్టామా?

ఎక్కువమందికి తెలియకుండా తగిలే దెబ్బ ఇంకోటి ఉంది. వేరేవాళ్ళ బ్యాండ్‌లో ఒక్కరోజుకి బదులు వాయించడానికి వెళ్తాం. పాట బాగుందని అతిథి ఎవరో వచ్చి, "మా అబ్బాయి రిసెప్షన్‌కి కూడా రండి, మీ నంబర్ ఇవ్వండి" అంటారు. అక్కడ మన నంబర్ ఇస్తే ఆ బ్యాండ్ లీడర్ కస్టమర్‌ని మనం పట్టుకుపోయినట్టే. ఈ ఊళ్ళో ఆ కబురు రెండు రోజుల్లో అందరికీ చేరుతుంది. లీడర్ నంబర్ ఇచ్చి, "అన్నా, ఫలానా వాళ్ళు అడిగారు" అని ఆ రాత్రే మెసేజ్ పెట్టండి.