బాణం తగిలిన జింకను అడవిలో జాడపట్టి చేరుకోవడం ఎలా?

తుపాకీ గుండు తగిలిన చోట దాని వేగానికే కండరాలూ ఎముకలూ చితికిపోతాయి. బాణం అలా పనిచేయదు. దాని ములికి అంచులు కత్తిలా కోస్తాయి, ఆ కోతలోంచి నెత్తురు కారిపోవడం వల్లనే జంతువు ప్రాణం విడుస్తుంది. అందువల్ల గురి ఎంత చక్కగా కుదిరినా, బాణం తగిలిన జింక ఉన్నచోటనే కూలిపోవడం అరుదు. అది పరుగెత్తుతుంది, పొదల్లో కనుమరుగవుతుంది, ఆ తర్వాత దాన్ని వెతికి పట్టుకోవలసిన బాధ్యత పూర్తిగా వేటగాడిదే. విలువిద్య నేర్పేవారు చాలామంది ఉన్నా ఈ రెండో సగాన్ని ఓపికగా నేర్పేవారు తక్కువ. దొరకకుండా పోయిన జింకల్లో ఎక్కువ భాగం గురి తప్పినవి కావనీ, తొందరపడి తరిమినవేననీ నా గట్టి నమ్మకం.

ఇక్కడ చెప్పేదంతా ఉత్తర అమెరికాలోని తెల్లతోక జింకకు సంబంధించినది. అక్కడ ప్రభుత్వాలు లైసెన్సులు ఇస్తాయి, విల్లుతో వేటాడేందుకు వేరుగా కాలాన్ని నిర్ణయిస్తాయి, ఎన్ని జింకలను తీసుకోవచ్చో కూడా చెబుతాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం కాబట్టి, ఈ పద్ధతులను అక్కడి అడవుల్లో ప్రయత్నించే ప్రశ్నే లేదు.

బాణం వదలకముందు

జాడపట్టడం ఎంత సులువవుతుందో, ఎంత కష్టమవుతుందో బాణం వదలకముందే చాలావరకు నిర్ణయమైపోతుంది. జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు గానీ, కొద్దిగా మనకు అటువైపుగా మళ్లినప్పుడు గానీ మాత్రమే నారి వదలాలి. ముందుకాలి జబ్బకు కాస్త వెనుక, ఛాతీ ఎత్తులో సగానికి కొంచెం దిగువన, దాదాపు 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పున ఊపిరితిత్తులూ గుండే ఉండే చోటు ఉంటుంది. జింక ఎదురుగా మనవైపు చూస్తూ నిలబడితే ఆ చోటును ఎముకలు కప్పేస్తాయి కాబట్టి, అది తిరిగే వరకు ఆగడమే సరైన పని.

దూరం విషయంలో కాంపౌండ్ విల్లు మనల్ని సులభంగా మోసం చేస్తుంది. 1969లో పేటెంట్ పొందిన ఈ కప్పీల విల్లు బాణాన్ని సెకనుకు సుమారు 85 మీటర్ల వేగంతో పంపగలదు, అయినా 27 మీటర్లు దాటడానికి ఆ బాణానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. నారి చప్పుడేమో అంతే దూరాన్ని సెకనులో పన్నెండో వంతులోనే చేరుకుంటుంది. బెదిరిన జింక దూకే ముందు కాళ్లు ముడిచి ఒక్కసారిగా ఒళ్లు కిందికి దించుతుంది. ఆ లోపు బాణం వెన్నుకు దగ్గరగా, ప్రాణం తీయని చోట తగులుతుంది. మైదానంలో 40 మీటర్ల గురి సునాయాసంగా కొట్టేవారు కూడా అడవిలో 20 మీటర్లకే పరిమితం కావడం మేలు.

మంచె మీద కూర్చునేవారు గాలి తమవైపు వీచేలా చోటు ఎంచుకోవాలి, నేల మీద నుంచి ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి తిరిగి దిగేవరకు కింద పడిపోకుండా ఆపే రక్షణ పట్టీని ఒంటికి కట్టుకోవాలి, విల్లును చేత్తో మోయకుండా తాడుతో పైకి లాక్కోవాలి.

నారి వదిలిన మొదటి నిమిషం

బాణం తగిలిన క్షణంలో జింక ఎలా కదిలిందో చూడండి. వెనుక కాళ్లు రెండూ గాలిలోకి తన్ని, తల దించి వేగంగా పరుగెత్తితే గుండెకో ఊపిరితిత్తులకో తగిలి ఉండవచ్చు. నడుము విల్లులా వంచి, నాలుగడుగులు పరుగెత్తి, ఆపైన నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లితే పొట్టలో తగిలిందని అనుమానించాలి. ఇవి కచ్చితమైన సాక్ష్యాలు కావు, మొదటి సూచనలు మాత్రమే.

అది కనుమరుగైన తర్వాత కూడా చెవులతో వెంబడించండి: ఎండుటాకుల చప్పుడు ఎటు సాగింది, కొమ్మ ఎక్కడ విరిగింది, కూలిన శబ్దం ఏమైనా వినిపించిందా? బాణం తగిలినప్పుడు అది నిలబడిన చోటును, చివరిసారి కనిపించిన చెట్టును మనసులో గుర్తు పెట్టుకుని, గడియారం చూసుకోండి. దిగే ముందు మంచె మీద నుంచే ఫోనుతో ఆ దిక్కును ఫోటో తీసుకోవాలని నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే నేల మీదికి దిగాక ఆ చెట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.

బాణం చెప్పే సంగతి

అరగంట గడిచాక చప్పుడు చేయకుండా దిగి, జింక నిలబడిన చోటికి వెళ్లి, ముందుగా బాణాన్ని వెతకాలి. ఈ పనిలో మనకు దొరికే అత్యంత విలువైన సాక్ష్యం అదే. దాన్ని వెలుతురులోకి పట్టుకుని, ములికి నుంచి ఈకల వరకు నిదానంగా చూడండి, ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి.

గులాబీ రంగు నెత్తురు, అందులో సబ్బు నురగ లాంటి సన్నని బుడగలు కనిపిస్తే బాణం ఊపిరితిత్తుల గుండా దూసుకుపోయిందని అర్థం. రెండు ఊపిరితిత్తులూ కోసుకుపోయిన జింక సాధారణంగా నిమిషంలోపే, నూట యాభై మీటర్లు దాటకుండానే పడిపోతుంది. బుడగలు లేని నల్లటి ఎరుపు, ద్రాక్ష రసం లాంటి చిక్కదనం కాలేయాన్ని సూచిస్తాయి. ఈకలు జిగటగా ఉండి, నెత్తుటిలో ఆకుపచ్చ గానీ గోధుమ రంగు గానీ కలిసి, నమిలిన మేత తుంపులు అంటుకుని, పులిసిన పేడ వాసన వస్తుంటే బాణం పొట్టలోనో పేగుల్లోనో దిగింది. ప్రకాశవంతమైన ఎరుపు, నురగ లేదు, మొదట ధారాళంగా కారి తర్వాత క్రమంగా తగ్గిపోతుంటే అది కేవలం కండకు తగిలిన గాయం కావచ్చు.

నేల మీద రాలిన వెంట్రుకలను కూడా వదిలిపెట్టకండి. పొట్ట కింది వెంట్రుకలు తెల్లగా, వీపువి ముదురు రంగులో నల్లటి కొసలతో ఉంటాయి కాబట్టి బాణం ఎంత ఎత్తులో తగిలిందో అవి చెబుతాయి. మంచె మీద నుంచి వేసిన బాణం పైభాగంలో దిగి అవతలివైపు కింద నుంచి బయటికి వస్తే నెత్తురు నేలకు బాగా కారుతుంది. అవతలికి రాకుండా లోపలే ఆగిపోతే ఛాతీలోనే నిండిపోయి, చాలా దూరం వరకు ఒక్క చుక్క కూడా కనిపించకపోవచ్చు. నెత్తురు తక్కువగా ఉన్నంత మాత్రాన గాయం చిన్నదని తేల్చేయకూడదు.

ఎంతసేపు ఆగాలి

ఊపిరితిత్తుల నెత్తురైతే ఆ అరగంట చాలు. కాలేయమైతే నాలుగు నుంచి ఆరు గంటలు, పొట్టో పేగులో అయితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. సాయంత్రం తగిలితే మరునాటి ఉదయం వరకు అన్నమాట. ఏదో తేలకపోతే ఎక్కువ సమయం కోరే గాయంగానే భావించండి.

దీని వెనుక ఉన్న కారణం సరళమైనది. పొట్టలో గాయపడిన జింకను ఎవరూ తరమకపోతే సాధారణంగా రెండు మూడు వందల మీటర్లలోనే ఒక పొద చాటున పడుకుంటుంది, అక్కడే చనిపోతుంది. వెంటబడుతున్నారని తెలిస్తే ఆ బాధతోనే లేచి కిలోమీటర్ల దూరం పోగలదు, రెండోసారి లేచిన జింక నెత్తుటి జాడ దాదాపుగా వదలదు. నేను వేట మొదలుపెట్టిన రోజుల్లో బాణం మీది ముదురు నెత్తురును చూసి కూడా నలభై నిమిషాలకే బయలుదేరాను. అరవై మీటర్ల దూరంలో, పడిపోయిన మాను పక్కన అది పడుకున్న చోటు ఇంకా వెచ్చగానే ఉంది. ఆకులు కోలగా అణిగి ఉన్నాయి, మధ్యలో అరచేతంత నెత్తుటి మరక ఉంది. ఆ పైన రెండు రోజులు వెతికినా అది నాకు దొరకలేదు. ఆ గుంటలో చెయ్యి పెట్టినప్పుడు తగిలిన వెచ్చదనాన్ని నేను మరిచిపోలేదు, ఆ తర్వాత ఎన్నడూ తొందరపడలేదు.

వాన వచ్చేలా ఉంటే చాలామంది ఆగలేకపోతారు. ఊపిరితిత్తుల గాయమైతే ఎలాగూ ఆగే సమయం తక్కువే. పొట్ట గాయమైతే వానలో జాడ కడుక్కుపోయినా ఆగడమే మంచిది, ఎందుకంటే దగ్గరలోనే పడుకున్న జింకను జాడ లేకుండా వెతకవచ్చు గానీ, లేపి తరిమిన జింకను వెతకలేం. వెచ్చని రాత్రుల్లో మాంసం పాడయ్యే ప్రమాదం ఉందన్నది నిజమే, అయినా నా నిర్ణయం మారదు.

జాడ వెంట నడవడం

ఇద్దరు ఉంటే చాలు. పదిమంది వస్తే జాడ తొక్కిపోతుంది. ఒకరు చివరి చుక్క దగ్గర కదలకుండా నిలబడాలి, రెండోవారు ముందుకు వెళ్లి తరువాతి చుక్కను వెతకాలి, అది దొరికాకే మొదటివారు కదలాలి. ఎప్పుడూ జాడకు పక్కగా నడవాలి తప్ప దాని మీద కాదు. కొన్ని అడుగులకు ఒకసారి కొమ్మకు రిబ్బను కట్టుకుంటూ పోతే, వెనక్కి తిరిగి చూసినప్పుడు జింక వెళ్లిన దారి ఒక గీతగా కనిపిస్తుంది, ఆ గీత సాగే దిక్కులోనే తరువాతి చుక్క దొరికే అవకాశం ఎక్కువ.

కళ్లను నేలకే పరిమితం చేయకండి. మోకాలి ఎత్తులో గడ్డిపోచల మీద, మొక్కల కాండాల మీద ఒరుసుకున్న నెత్తుటి చారలు చాలాసార్లు నేల మీది చుక్కల కంటే స్పష్టంగా ఉంటాయి. పరుగులో చిందిన చుక్క గుండ్రంగా ఉండదు. దాని అంచు నుంచి సన్నని ముళ్లలా సాగిన కొసలు జింక వెళ్లిన వైపు చూపుతాయి. ఎర్రబారిన శరత్కాలపు ఆకుల్లో నెత్తురో, ఆకు మచ్చో తేలకపోతే తడి చేసిన వేలితో రుద్ది చూడండి, లేదా కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లండి. నెత్తురైతే తెల్లగా పొంగుతుంది.

నెత్తురు లేని చోట గిట్టల గుర్తులు పనికి వస్తాయి. నడిచే జింక గిట్టల రెండు భాగాలూ దగ్గరగా ఉండి హృదయాకారంలో ముద్ర పడుతుంది, సన్నని కొస వెళ్లే దిక్కును చూపుతుంది. పరుగెత్తినప్పుడు ఆ భాగాలు విడివడతాయి, మెత్తటి నేలలో వెనుకనున్న చిన్న గిట్టల చుక్కలు కూడా పడతాయి. ఎండుటాకుల మీదైతే ముద్ర దొరకదు, కానీ గిట్ట తాకిడికి తిరగబడిన ఆకు తడి వైపు పైకి వచ్చి, చుట్టూ ఉన్న పొడి ఆకుల మధ్య నల్లగా కనిపిస్తుంది.

జాడ పూర్తిగా ఆగిపోతే చివరి చుక్క దగ్గర గుర్తు పెట్టి, దాని చుట్టూ మొదట పది అడుగుల వలయంలో, తర్వాత క్రమంగా పెద్ద వలయాల్లో వెతకండి. గాయపడిన జింక ఒక్కోసారి వచ్చిన దారినే వెనక్కి వెళ్లి పక్కకు మళ్లుతుంది. పొట్టలో గాయపడినది తరచుగా వాగు వైపో, చెరువు వైపో వెళుతుంది. అక్కడా దొరకకపోతే చట్టం అనుమతించే రాష్ట్రాల్లో తాడు కట్టిన జాడ కుక్కను రప్పించడం మంచిది. పక్కవారి భూమిలోకి జాడ వెళ్లితే అనుమతి తీసుకున్న తర్వాతే అడుగు పెట్టాలి.

జింక కనిపించాక

పడి ఉన్న జింక వైపు ఎదురుగా కాక వీపు వైపు నుంచి వెళ్లండి. కళ్లు మూసి ఉంటే అది బ్రతికి ఉన్నట్టే; వెంటనే ఆగి, మరో బాణం వేయాలి. కళ్లు తెరిచి కాంతి లేకుండా ఉంటే పొడవైన కర్ర కొసతో కంటిని తాకి చూడండి. రెప్ప కదలకపోతేనే దగ్గరికి వెళ్లండి.

నిబంధన ప్రకారం ట్యాగును, అంటే లైసెన్సుకు సంబంధించిన గుర్తింపు చీటీని, నింపి జింకకు కట్టి, ఆలస్యం చేయకుండా పేగులు తీసేయాలి, ఎందుకంటే ఒంటిలో మిగిలిన వేడే మాంసాన్ని ముందుగా పాడుచేస్తుంది. రబ్బరు తొడుగులు తప్పనిసరి. 1967లో కొలరాడోలో మొదటిసారి గుర్తించిన, జింకలను క్షీణింపజేసే సీడబ్ల్యూడీ అనే వ్యాధి ఉన్న ప్రాంతాల్లో మెదడును, వెన్నుపామును తాకకుండా వదిలేసి, మాంసం తినే ముందు పరీక్షకు నమూనా పంపించండి.

బయటికి మోసుకొచ్చేటప్పుడు వచ్చిన దారినే తిరిగి రండి, కట్టిన రిబ్బన్లన్నింటినీ విప్పి జేబులో వేసుకోండి. లేకపోతే వచ్చే వారం అదే అడవిలో మరో జింకను వెతికేవారిని అవి తప్పుదారి పట్టిస్తాయి.