పాత పికప్ అమ్మకం – 4వ పాఠం: హార్స్‌పవర్ ఎంతని రాయాలి?

మూడో పాఠంలో బిల్లులన్నీ తేదీల వరసలో ఫైలు కట్టమన్నాను. ఇంకా కట్టకపోతే ముందు ఆ పని చూడండి, ఈ పాఠమంతా ఆ ఫైలు మీదే నడుస్తుంది. మన నమూనా బండి మారలేదు: 1971 షెవ్రొలే సీ10, పొట్టి బెడ్ (వెనక సామాను తొట్టి), అసలు ఇంజన్ తీసేసి ఎల్‌ఎస్3 అనే కొత్తకాలం వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఎక్కించిన బండి.

చాలామంది ప్రకటన మొదటి లైన్లోనే "500 హార్స్‌పవర్!" అని కొట్టేస్తారు. ఇలాంటి బళ్ల సంగతి తెలిసిన కొనుగోలుదారు ముందు అడిగేది ఒక్కటే: ఎక్కడ కొలిచారు? అక్కడ నీళ్లు నమిలితే, తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా అతను సగానికే నమ్ముతాడు.

ఒకే ఇంజన్‌కి మూడు రకాల అంకెలు ఉంటాయి. మొదటిది గ్రాస్. ఇంజన్‌ని బండిలోంచి తీసి, ఎయిర్ ఫిల్టర్, ఆల్టర్నేటర్, పూర్తి సైలెన్సర్ లాంటి బరువులేవీ లేకుండా స్టాండు మీద నడిపి కొలిచేది. 1960ల బ్రోషర్లలో కనబడే ఘనమైన అంకెలు ఇవే. రెండోది నెట్. ఆ సరంజామా అంతా తగిలించాక కొలిచేది. అమెరికన్ కంపెనీలు 1972 మోడళ్లతో దీనికి మారాయి. అందుకే అదే ఇంజన్‌కి కాగితం మీద ఒక్క ఏడాదిలో పవర్ పడిపోయినట్టు కనిపిస్తుంది. మూడోది చక్రాల దగ్గర డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కొలిచేది. గేర్‌బాక్సూ వెనక యాక్సిలూ తినేసింది పోగా మిగిలిందన్నమాట. 2008 కార్వెట్ స్పోర్ట్స్ కారులో ఎల్‌ఎస్3కి కంపెనీ ఇచ్చిన నెట్ లెక్క 430. అదే ఇంజన్ మన సీ10లో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో, చక్రాల దగ్గర 350 చిల్లర చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ఎక్కడో లోపం ఉందని కాదు.

మీ డైనో షీటు తీసి, అంచుల్లో చిన్న అక్షరాలు చూడండి. ఎస్‌ఏఈ అని ఉందా, ఎస్‌టీడీ అని ఉందా? ఆ రోజు గాలి వేడి, పీడనం లెక్కలోకి తీసుకుని అంకెను సరిచేసే పద్ధతులివి. ఎస్‌టీడీ సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఏది వాడారో ప్రకటనలో రాసెయ్యండి. షీటు ఫొటో పెట్టేటప్పుడు ఆ మూల కత్తిరించకండి, కత్తిరిస్తే కావాలనే దాచారనుకుంటారు. షీటే లేకపోతే మీ అంచనా రాయకుండా ఇంజన్ కొన్న బిల్లు పెట్టి, "కంపెనీ లెక్క ఇది, చక్రాల దగ్గర కొలిపించలేదు" అని రాయండి. ఆ వాక్యం వల్ల బేరం చెడదు.

ఇప్పుడు చాసిస్ నంబరు. డ్రైవర్ తలుపు తీస్తే ఆ తలుపు ఫ్రేము మీద ప్లేటు ఉంటుంది. 1971 సీ10లో అది సీఈ141 అని మొదలైతే ఫ్యాక్టరీలో వీ8తో పుట్టిన బండి, సీఎస్141 అయితే ఆరు సిలిండర్లది. ఎల్‌ఎస్3 ఎక్కాక తేడా ఏముంది అంటారా? ఉంది. "పుట్టుకతోనే వీ8" అని రాసి, కింద సీఎస్ ప్లేటు ఫొటో పెట్టిన ప్రకటనలు చూశాను. చదివేవాడు అక్కడితో ఆపేస్తాడు. గ్లోవ్ బాక్స్ మూత లోపలి వైపు ఫ్యాక్టరీ ఆప్షన్ల చీటీ చిరగకుండా మిగిలి ఉంటే మీ అదృష్టం, దాన్ని పెద్ద ఫొటోగా పెట్టండి. ప్లేటును మాత్రం మెరుగు పెట్టడానికని ఊడదీయకండి. రివెట్లు మారిన ప్లేటు చూస్తే దొంగబండేమోనని అనుమానం వస్తుంది, పైగా ఆ నంబరును తారుమారు చేయడం అమెరికాలో ఫెడరల్ నేరం.

పవర్ తర్వాత రాయాల్సింది దాన్ని అదుపు చేసేవాటి గురించి. 1971లో సీ10కి ముందు డిస్క్ బ్రేకులు స్టాండర్డ్‌గా వచ్చాయి, కానీ అవి అప్పటి ఇంజన్లకు సరిపడా. మీరు బ్రేకులు, వెనక యాక్సిల్, రేడియేటర్, ఫ్యూయల్ పంపు మార్చి ఉంటే పేరు, ఏడాది, బిల్లుతో సహా చెప్పండి. నన్నడిగితే రంగు గురించి రెండు లైన్లు చాలు, బ్రేకుల గురించి నాలుగు కావాలి.

తుప్పు సంగతి క్లుప్తంగా: క్యాబ్ వెనక మూలలు, తలుపుల కింది రాకర్లు, పైకప్పు నీటిగాడి, క్యాబ్ నేల. కొత్త రేకు వేశారా, పుట్టీ పూశారా అన్నది మీరు చెప్పకపోయినా అయస్కాంతం చెప్పేస్తుంది.

అభ్యాసం: మీ బండికి ఐదు వాక్యాలకు మించకుండా పవర్ పేరా రాయండి. అందులో అంకె, ఎక్కడ కొలిచారు, ఏ పద్ధతి, ఎప్పుడు, ఇంజన్ ఎక్కణ్నుంచి వచ్చింది, ఇవన్నీ ఉండాలి. రాశాక ప్రతి వాక్యం పక్కనా దానికి రుజువైన బిల్లు ఫైల్లో ఎన్నో పేజీలో ఉందో వేయండి. పేజీ నంబరు దొరకని వాక్యాన్ని కొట్టేయండి. ఐదో పాఠంలో ట్రయల్ డ్రైవూ, క్యాషియర్ చెక్ (బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్కు) అసలుదో నకిలీదో బ్యాంకులోనే తేల్చుకోవడమూ చూద్దాం.