తబఖాత్ గ్రంథాలు చదవడం – 3వ పాఠం: పొడవాటి పేరు విప్పడం

పోయిన పాఠంలో ఈ గ్రంథాలు ఇస్లామీ న్యాయపండితులను తరాలవారీగా (తబఖాత్ అంటే తరాలే) ఎలా పేర్చాయో చూశాం. ఈసారి ఒకే ఒక్క పండితుడి దగ్గర ఆగుదాం. కొత్తగా చదివేవాళ్లు మొదట్లో వచ్చే బారెడు పేరును దాటేసి ముందుకెళ్లిపోతారు. అలా చెయ్యకండి, బోలెడు సమాచారం అక్కడే ఉంటుంది.

జమాలుద్దీన్ అబూ ఇస్‌హాఖ్ ఇబ్రాహీమ్ ఇబ్న్ అలీ ఇబ్న్ యూసుఫ్ అల్ ఫీరూజాబాదీ అల్ షీరాజీ.

ముందు మొదటి ‘ఇబ్న్’ను (అంటే ‘కొడుకు’) పట్టుకోండి. దానికి ముందున్న ఇబ్రాహీమ్ అసలు పేరు. తర్వాత తండ్రి, తాత. ‘ద్దీన్’తో ముగిసేది బిరుదు. ‘అబూ’తో మొదలయ్యేది కున్యా, అంటే ఇస్‌హాఖ్ తండ్రి అని. అంతమాత్రాన ఆయనకు ఇస్‌హాఖ్ అనే కొడుకున్నాడని రాసేసుకోవద్దు. ఇబ్రాహీమ్ ప్రవక్త కొడుకు ఇస్‌హాఖ్ కాబట్టి, ఇబ్రాహీమ్‌లకు ఈ కున్యా ఆనవాయితీగా వచ్చేది.

చివరివి నిస్బాలు, అంటే మనిషి దేనికి చెందినవాడో చెప్పే పేర్లు. మన ఇంటిపేరులా ఒక్కటే ఉండాలని లేదు. ఊరు, వంశం, వృత్తి, న్యాయ సంప్రదాయం, దేన్నుంచైనా రావచ్చు. ఈయన పుట్టింది ఫీరూజాబాద్‌లో, చదివింది షీరాజ్‌లో. కానీ పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నది, కన్నుమూసింది బగ్దాద్‌లో. ఆ ఊరు ఈ పేరులో ఎక్కడా లేదు! కాబట్టి నిస్బాను బట్టి మనిషి ఎక్కడ బతికాడో తేల్చెయ్యకూడదు, లోపలికి వెళ్లాలి.

లోపల ఎంత మంచి సంగతి ఉందో చూడండి. సెల్జుక్ సుల్తానుల మంత్రి నిజాముల్ ముల్క్ బగ్దాద్‌లో నిజామియా మదరసా కట్టించి, 1067లో తెరిచిన రోజున జనమంతా ఈయన కోసం కాచుకుని కూర్చున్నారు. ఆయన రాలేదు. ఆ కట్టడంలో అన్యాయంగా లాక్కున్న ఆస్తి కలిసిందేమోనని ఆయన శంక. ఆయనకని ఉంచిన ఆచార్య పీఠంలో మరో న్యాయపండితుడు ఇబ్న్ అల్ సబ్బాగ్‌ను కూర్చోబెట్టారు. ఇరవై రోజుల తర్వాత గానీ షీరాజీ ఒప్పుకోలేదు. న్యాయశాస్త్రం చెప్పే మనిషి దాన్ని ముందు తనకే వర్తింపజేసుకోవడం నన్ను కదిలిస్తుంది. ఈ గ్రంథాలను నేను వదల్లేకపోవడానికి ఇలాంటి ఘట్టాలే కారణం.

ఇక మరణ సంవత్సరం, హిజ్రీ 476. హిజ్రీ అంటే ఇస్లామీ చాంద్రమాన శకం; క్రీస్తు శకంలోకి మార్చాలంటే దాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1083.7 వస్తుంది, అంటే 1083. ఒక్కోసారి ఒక ఏడాది అటూఇటూ కావచ్చు. నెల కూడా ఇచ్చి ఉంటే క్యాలెండర్ పట్టికలో సరిచూసుకోండి.

అభ్యాసం: షంసుద్దీన్ అబుల్ అబ్బాస్ అహ్మద్ ఇబ్న్ ముహమ్మద్ అల్ ఇర్బిలీ అల్ షాఫిఈ, మరణం హిజ్రీ 681. ఈ పేరు విప్పి, రెండు నిస్బాల్లో ఏది ఊరిదో, ఏది న్యాయ సంప్రదాయానిదో రాయండి. సంవత్సరం లెక్క కట్టండి. 4వ పాఠంలో గురువుల జాబితా చదువుదాం.