లేజర్‌తో పంటి చికిత్స: కుర్చీలో కూర్చునే ముందు, తరువాత

దంతవైద్యుడు లేజర్‌తో చేద్దామన్నప్పుడు ముందుగా ఏ లేజర్ అనీ, దానితో ఏ పని చేస్తారనీ అడగండి. లేజర్ అన్నది ఒకే పరికరం పేరు కాదు. ఒకదానితో అయ్యే పని మరొకదానితో కాదు.

క్లినిక్కులలో తరచుగా కనిపించే డయోడ్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 810 నుంచి 980 నానోమీటర్లు ఉంటుంది. ఆ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్, చిగుళ్లకు నల్లని రంగునిచ్చే మెలనిన్ బాగా పీల్చుకుంటాయి కనుక, జ్ఞానదంతం మీద కప్పుకున్న చిగురును తీయడానికీ, పెదవినో నాలుకనో బిగబట్టిన పొరను కోయడానికీ, నల్లని చిగుళ్ల రంగు తగ్గించడానికీ అది చక్కగా పనికివస్తుంది; కోసినచోటే రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల చాలాసార్లు కుట్లు కూడా అవసరం కావు. నల్లని చిగుళ్లు చాలామందికి పుట్టుకతో వచ్చే రంగే తప్ప జబ్బు కాదనీ, తీయించినా కొన్నాళ్లకు ఆ రంగు తిరిగి రావచ్చనీ తెలుసుకున్నాకే అందుకు డబ్బు ఖర్చు పెట్టండి.

పిప్పిపన్నును తొలచడం డయోడ్ వల్ల కాదు. దానికి సాధారణంగా ఎర్బియం లేజర్ వాడతారు. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 1997లో పంటి మీద వాడడానికి అనుమతించిన ఎర్బియం యాగ్ లేజర్ 2,940 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. ఆ కాంతికి పంటిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై, చుట్టూ ఉన్న గట్టి పదార్థాన్ని అణువంత ముక్కలుగా విసిరేస్తుంది. పుచ్చిన భాగంలో నీరు ఎక్కువ కాబట్టి అది ముందు రాలుతుంది. డ్రిల్‌లా గీ పెట్టదు గానీ టప్ టప్ మన్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మత్తు ఇంజెక్షన్ అవసరం తగ్గవచ్చు, అసలే అక్కర్లేదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. పాత సిల్వర్ ఫిల్లింగ్ తీయడానికీ, క్యాప్ కోసం పన్ను అరగదీయడానికీ నేటికీ డ్రిల్లే దిక్కు.

మధుమేహం, గర్భం, రక్తం పలచబరిచే మందుల సంగతి ముందే చెప్పండి. ఆ మందులను మీ అంతట మీరు ఆపవద్దు. చికిత్స మొదలయ్యే ముందు మీకూ, వైద్యునికీ, సహాయకురాలికీ ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు ఉన్నాయో లేదో చూడండి. మామూలు చలువ కళ్లద్దాలు ఇక్కడ పనికిరావు. డయోడ్‌తో చిగురు కోసే ముందు వైద్యుడు సన్నని ఫైబర్ కొనను నీలి కాగితానికి ఆనించి నల్లబరిస్తే కంగారు పడకండి, కొన వేడెక్కి కోయడానికి చేసే ఏర్పాటది. వెంట్రుక కాలినట్టు వాసన వస్తుంది. ఆ పొగను పీల్చే సక్షన్ గొట్టం నోటి దగ్గరే ఉండాలి.

ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు చల్లారిన పెరుగన్నం, మెత్తని ఇడ్లీ తినండి. ఆవకాయకూ, పొగలు కక్కే కాఫీకీ, సిగరెట్టుకూ దూరంగా ఉండండి. గాయం మీద తెల్లగా, పసుపుపచ్చగా కట్టే పొర చీము కాదు, మానుతున్న గుర్తు. దానిని బ్రష్‌తో గీకవద్దు. నొప్పి తగ్గవలసింది పోయి మూడో రోజుకు పెరిగినా, జ్వరం వచ్చినా, శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి.