అమెరికాలో స్టూడెంట్ అఫైర్స్ మాస్టర్స్ చేయాలనుకుంటే: ముందు అసిస్టెంట్‌షిప్ చూడండి, తర్వాతే యూనివర్సిటీ పేరు

అమెరికా కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు కాక ఇంకో పెద్ద బృందం ఉంటుంది. డార్మ్‌లు (క్యాంపస్ హాస్టళ్లు) నడిపేవాళ్లు, ఓరియెంటేషన్ చేసేవాళ్లు, ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే అడ్వైజర్లు, క్రమశిక్షణ కేసులు వినేవాళ్లు, వైకల్యం ఉన్న విద్యార్థికి పరీక్షలో ఎక్కువ టైమ్ ఏర్పాటు చేసేవాళ్లు, వీళ్లందరినీ కలిపి స్టూడెంట్ అఫైర్స్ అంటారు. మన దగ్గర ఈ పని ఒక ప్రొఫెసర్‌గారు డీన్‌గా, ఇంకో లెక్చరర్ వార్డెన్‌గా, తమ క్లాసులు చూసుకుంటూనే చేస్తుంటారు కాబట్టి దీనికంటూ ఒక చదువు ఉందంటే మా ఇంట్లో కూడా మొదట నమ్మలేదు. అక్కడ ఉంది, మామూలుగా రెండేళ్ల మాస్టర్స్. నేను అది చదివి అదే పనిలో ఉన్నాను. ఎలా వెళ్లాలని అడిగే తెలుగు పిల్లలకు ఫోన్‌లో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు వీసా లెక్క తేల్చుకోండి, ఎందుకంటే కన్సల్టెన్సీలు ఈ డిగ్రీ గురించి చెప్పవు, చెప్పినా ఈ భాగం దాటేస్తాయి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే కాగితం మీద ఈ చదువుకు సాధారణంగా 13.0406 లేదా 13.1102 కోడ్ ఉంటుంది. రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో లేవు. అంటే కంప్యూటర్స్ చదివిన మీ రూమ్మేట్‌కి ఓపీటీ, అంటే చదివాక అక్కడే పనిచేసుకునే అనుమతి, మూడేళ్లు వస్తే మీకు 12 నెలలే. మీకు కలిసొచ్చేది ఒకటుంది: యూనివర్సిటీలు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ కిందికి రావు, ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేయొచ్చు. కానీ వేయాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, డార్మ్ ఉద్యోగాలకు అసలు స్పాన్సర్ చేయని చోట్లు బోలెడు. పైగా 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు అంటూ ప్రకటన వచ్చింది. అందుకని ఈ సంగతి పదేళ్ల కిందట చదివిన సీనియర్‌ని కాకుండా, ఇప్పుడు ఆ క్యాంపస్‌లో హెచ్-1బీ వీసాతో ఉద్యోగం చేస్తున్నవాళ్లని అడగండి. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేయాలని కలగనే మన పిల్లలు ఎక్కువ, నేనూ అలాగే వెళ్లాను. అయితే ఐ-20 మీద సంతకం పెట్టే అధికారి, డీఎస్‌ఓ అంటారు, అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయి ఉండాలని రూలు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఆ ఆఫీసులో ప్రోగ్రాములు, ఓరియెంటేషన్ చేయొచ్చు, ఆ సంతకం మాత్రం పెట్టలేరు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు గానీ వర్క్ పర్మిట్ లేకుండా అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ క్యాంపస్‌లో చేసే పని) చేయలేరు, దానికి ఎఫ్-1కి మారాలి. ఆ మార్పుకు నెలలు పట్టొచ్చు, ముందే ప్లాన్ చేసుకోండి.

ఇవన్నీ తెలిశాక కూడా మనసు అటే లాగుతుంటే, ప్రోగ్రాములు వెతకడం మొదలుపెట్టండి. పేర్లే ఒక గందరగోళం. ఇండియానా, వెర్మాంట్ యూనివర్సిటీల్లో హయ్యర్ ఎడ్యుకేషన్ అండ్ స్టూడెంట్ అఫైర్స్ అంటారు, బౌలింగ్ గ్రీన్‌లో కాలేజ్ స్టూడెంట్ పర్సనెల్, జార్జియాలో కాలేజ్ స్టూడెంట్ అఫైర్స్ అడ్మినిస్ట్రేషన్. చదువు దాదాపు ఒకటే. ప్రోగ్రాం గట్టిదా కాదా అని చూడటానికి ఒక కొలత ఉంది, క్యాస్ ప్రమాణాలు అంటారు, ఆ సంస్థ 1979 నుంచి ఉంది. దాని ప్రకారం చదువుతో పాటు కనీసం 300 గంటలు, రెండు వేర్వేరు చోట్ల, ఒకరి పర్యవేక్షణలో పనిచేయాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో, ప్రాక్టికమ్ (ఇలా పర్యవేక్షణలో చేసే పని) లేకుండా ఇచ్చే డిగ్రీలు కూడా అమ్ముతున్నారు. ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా రావాలనుకునేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

ఇక అసిస్టెంట్‌షిప్. ఈ రంగంలో అది ఫీజు తగ్గించుకునే మార్గం మాత్రమే కాదు, చదువులో సగం అదే. వారానికి 20 గంటలు ఒక ఆఫీసులో పనిచేస్తే ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ ఇస్తారు, డార్మ్ పనైతే చాలాచోట్ల ఉండటానికి అపార్ట్‌మెంట్, మెస్ కూడా ఇస్తారు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్-1 వాళ్లకు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పరిమితి, కాబట్టి ఇది తీసుకుంటే ఇంకో చిన్న పని కూడా కుదరదు. నేను మొదటి ఏడాది స్టైపెండ్ ఎక్కువని ఒక ఆఫీసులో చేరాను. అక్టోబరులో మా సూపర్‌వైజర్ ఉద్యోగం మానేశారు, కొత్తవాళ్లు వచ్చేదాకా మే వరకు నాకు ఎక్సెల్ షీట్లు నింపడం, టేబుళ్లు సర్దడం తప్ప ఇంకేం దొరకలేదు. రెండో ఏడాది డబ్బు తక్కువైనా ఓరియెంటేషన్ ఆఫీసుకు మారాను. ప్రతి శుక్రవారం ఒక గంట మా సూపర్‌వైజర్ నాతో కూర్చుని ఆ వారం నేనేం చేశానో, ఎక్కడ తప్పానో మాట్లాడేవారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో నేను చెప్పిన ప్రతి ఉదాహరణా ఆ రెండో ఏడాదిలోదే.

అందుకే ఇంటర్వ్యూలో మీరే అడగండి. నన్ను పర్యవేక్షించేది ఎవరు, వాళ్లు ఎన్నాళ్లుగా ఉన్నారు, వారం వారం కూర్చుని మాట్లాడతారా, రాత్రి డ్యూటీ ఫోన్ నెలలో ఎన్ని రోజులు నా దగ్గర ఉంటుంది, ఎండాకాలం డబ్బు వస్తుందా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు. ట్యూషన్ మాఫీ అంటే అన్ని ఫీజులూ మాఫీ కాదు, క్యాంపస్ ఫీజులని సెమిస్టర్‌కి వందల డాలర్లు మీదే పడొచ్చు, ఆ అంకె కాగితం మీద తీసుకోండి. మల్టీకల్చరల్ సెంటర్‌లో అవకాశం వస్తే రాష్ట్రం ఏదో చూడండి. టెక్సస్‌లో ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులను మూయించింది, అక్కడ పనిచేసినవాళ్ల ఉద్యోగాలు పోయాయి. మంచి పనే, నాకు ఇష్టమైన పని కూడా, కానీ రెండేళ్లు ఆ ఆఫీసు ఉంటుందా అని అడగడం తప్పు కాదు.

అప్లికేషన్లు ఎక్కువ చోట్ల డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి, ఫిబ్రవరి మార్చిలో ఇంటర్వ్యూలు, చాలా ప్రోగ్రాములు జీఆర్‌ఈ అడగడం లేదు. ఈ చదువు ఎందుకో అప్లికేషన్‌తో రాసి పంపే ఎస్‌ఓపీలో మనవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే, చిన్నప్పటి నుంచి సాయం చేయడమంటే ఇష్టం అని మొదలుపెడతారు. అది తీసేసి మీరు నిజంగా చేసిన పని రాయండి. హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నారా? 300 మందికి నెల మెస్ బిల్లు ఎలా పంచారు, ఇంటికెళ్లినవాళ్లకు రిబేటు ఇవ్వాలని గొడవైతే ఎలా తేల్చారు, అది రాయండి. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు నడిపారా, ప్లేస్‌మెంట్ సెల్‌లో కోఆర్డినేటర్‌గా చేశారా, ర్యాగింగ్‌కి భయపడి ఇంటికెళ్లిపోయిన జూనియర్‌ని తిరిగి తీసుకొచ్చారా, అవన్నీ ఈ రంగంలో అనుభవమే. అక్కడివాళ్లకు మెస్ కమిటీ అంటే తెలియదు కాబట్టి రెండు వాక్యాల్లో వివరించండి, సిగ్గుపడొద్దు. చదువు అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లయితే కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం కూడా పనికొస్తుంది.

క్లాసుల్లో చరిత్ర, చట్టం, బడ్జెట్, రీసెర్చ్ ఉంటాయి. ఎక్కువ సమయం తినేది స్టూడెంట్ డెవలప్‌మెంట్ థియరీ, అంటే కాలేజీలో విద్యార్థి మనిషిగా ఎలా ఎదుగుతాడో చెప్పే సిద్ధాంతాలు. చికరింగ్ 1969లో చెప్పిన ఏడు వెక్టర్లు (ఎదిగే దిశలు), ఆస్టిన్ చెప్పిన ఇన్వాల్వ్‌మెంట్ (కాలేజీ జీవితంలో పాలుపంచుకోవడం), అన్నీ బట్టీ పట్టి పరీక్ష రాసేయొచ్చు, మనకు అది బాగా వచ్చు కూడా. అలా చేయకండి. ప్రతి థియరీని మీకు తెలిసిన ఒక మనిషి మీద పెట్టి చూడండి. నాకు బాగా ఉపయోగపడింది ష్లాస్‌బర్గ్ మాట. ఆవిడ మనిషి జీవితంలో మార్పులను మూడు రకాలుగా చూస్తారు: అనుకున్నవి, అనుకోనివి, జరుగుతుందనుకుని జరగకుండా పోయినవి. ఆ మూడోది చదివినప్పుడు నాకు మా అపార్ట్‌మెంట్‌లోని ఒక అబ్బాయి గుర్తొచ్చాడు. రూమ్మేట్లు ముగ్గురికీ సమ్మర్ ఇంటర్న్‌షిప్ వచ్చింది, అతనికి రాలేదు. ఏదైనా జరిగి ఉంటే ఎవరో ఒకరు పలకరించేవాళ్లు, ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ పలకరించలేదు, ఇంట్లో చెప్పుకోలేకపోయాడు, నెమ్మదిగా వంట దగ్గరకు రావడం మానేశాడు. దానికి ఒక పేరుందని, అదీ ఒక దెబ్బేనని తెలిశాక నేను అడ్వైజింగ్‌లో అడిగే ప్రశ్న మారింది. ఏమైంది అని అడగడంతో పాటు, ఏమవుతుందనుకున్నావు అని కూడా అడుగుతాను.

చట్టాల్లో మూడు మాత్రం ఉద్యోగంలో చేరకముందే వచ్చి ఉండాలి: లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్, విద్యార్థి రికార్డుల గోప్యత చూసే 1974 నాటి ఫెర్పా, క్యాంపస్ నేరాల వివరాలు బయటపెట్టమనే 1990 నాటి క్లెరీ. ఫెర్పా మన వాళ్లతో చాలా ఇబ్బంది తెచ్చే చట్టం. గుంటూరు నుంచి ఒక నాన్నగారు ఫోన్ చేసి, "అమ్మా, మీరూ తెలుగువాళ్లే కదా, మా అబ్బాయి క్లాసులకు వెళ్తున్నాడో లేదో కాస్త చూసి చెప్పండమ్మా" అంటారు. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అతను రాసి ఇస్తే గానీ చెప్పకూడదు. అలాగని ఫోన్ పెట్టేయొద్దు. "నేను చెప్పడానికి వీల్లేదండీ, కానీ మీరు ఏం చూసి భయపడుతున్నారో చెప్పండి, వింటాను" అనొచ్చు. వినడాన్ని చట్టం ఆపదు. ఆ తర్వాత పిల్లాడిని మామూలుగా పలకరించి, నాన్నగారికి ఒకసారి ఫోన్ చేయమని చెప్పొచ్చు. అలాగే డార్మ్‌లో పనిచేసేటప్పుడు ఎవరైనా "ఎవరికీ చెప్పనని మాటివ్వు అక్కా" అంటే ఇవ్వకండి. లైంగిక హింస గురించి మీకు తెలిస్తే మీరు పైకి చెప్పి తీరాల్సిన ఉద్యోగంలో ఉంటారు, ఆ సంగతి వాళ్లు నోరు తెరవకముందే చెప్పాలి. రహస్యంగా ఉంచగలిగే కౌన్సెలర్ ఎక్కడున్నారో కూడా అప్పుడే చెప్పాలి.

ఉద్యోగాల వేట రెండో ఏడాది జనవరిలో మొదలుపెట్టండి. నాస్పా, ఏసీపీఏ అనే రెండు పెద్ద సంఘాలకు విద్యార్థి సభ్యత్వం తక్కువ ధరకే వస్తుంది. ఆ రెండూ కలిసి రాసిన పది నైపుణ్యాల జాబితా ఒకటుంది, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి, ఒక్కోదానికి మీ పనిలోంచి ఒక సంఘటన రాసి పెట్టుకోండి. జీతాలు సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరకు రావు, అప్పు చేసి వెళ్లేవాళ్లు ఇది ఇంట్లో ముందే చెప్పండి. స్పాన్సర్‌షిప్ ప్రశ్న మొదటి ఫోన్ ఇంటర్వ్యూ చివర్లోనే అడగండి, క్యాంపస్‌కి పిలిచేదాకా ఆగితే మీ నెల పోతుంది. ఓపీటీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆ మొదటి వారంలోనే చేసేయండి. మొదలు తేదీ మాత్రం ఆలోచించి ఎంచుకోండి, ఎందుకంటే ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజుల కన్నా ఎక్కువ ఉండకూడదు, కాలేజీలేమో జూలైలో చేరమంటాయి. మే నెలలో డిగ్రీ అయిపోతే మీ ఓపీటీ మొదలు తేదీని కోర్సు ముగిశాక 60 రోజుల లోపు ఎక్కడ పెట్టుకోవాలో మీ డీఎస్‌ఓతో కూర్చుని క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేయండి.