మోటారు అదురుకు ఎక్సెల్ లెక్క

తాడిపత్రిలో బండల పాలిషింగ్ మిషన్ స్టార్టింగ్‌లో అదిరితే బోల్టులు బిగించడంతో ఆగకండి, లెక్కా వేయండి. మోటారు, బేస్ కలిపి 200 కిలోలు, కింది ఆధారం స్టిఫ్‌నెస్ (గట్టిదనం) మీటరుకు 32 లక్షల న్యూటన్లు అనుకుందాం. సహజ పౌనఃపున్యం, అంటే కదిపి వదిలేస్తే అది సెకనుకు ఊగే సార్లు, దాదాపు 20 హెర్ట్జ్. మోటారు 1440 ఆర్‌పీఎం, అంటే 24 హెర్ట్జ్. ఆన్ చేసినా, ఆపినా అదురు బాగా పెరిగే ఆ 20ని దాటాల్సిందే!

ఆ దాటే క్షణాల కోసం ఎక్సెల్‌లో సెంట్రల్ డిఫరెన్స్ పద్ధతి వాడండి; ఇది కాలాన్ని చిన్న ముక్కలు (టైమ్ స్టెప్‌లు) చేసి లెక్కించడం. ఇప్పటి స్థానాన్ని రెట్టింపు చేసి, వెనకటి స్థానం తీసేసి, త్వరణాన్ని టైమ్ స్టెప్ వర్గంతో గుణించి కలిపితే తర్వాతి స్థానం వస్తుంది. మోటారు అదిలించే బలం లోంచి స్ప్రింగ్, డాంపింగ్ (ఊగును తగ్గించే) బలాలు తీసేసి, ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం.

మా విద్యార్థులకు పదేపదే చెప్పేది ఇదే: మోటారు తిరిగే వేగం మారుతున్నప్పుడు అది తిరిగిన కోణం కోసం వేగాన్ని కాలంతో గుణించకూడదు. ప్రతి స్టెప్‌లో వేగాన్ని స్టెప్‌తో గుణించి, పాత కోణానికి కలుపుతూ పోవాలి. అన్‌బ్యాలెన్స్ బలం (తిరిగే భాగం బరువు ఒక పక్కకు ఉండటం వల్ల పుట్టే, అదిలించే బలం) కూడా వేగం వర్గంతో పాటే పెరగాలి.

స్టెప్ 0.0158 సెకన్లు దాటితే అంకెలు పేలిపోతాయి. 0.001 పెట్టండి, తర్వాత సగం చేసి చూడండి. గ్రాఫ్ మారకపోతే నమ్మొచ్చు.