గ్రఫానాలో మెట్రిక్స్, లాగ్స్ వెతకడం ఎలా?

సైట్ నెమ్మదిగా ఉందని ఫోన్ రాగానే చాలామంది నేరుగా లాగ్స్ (సర్వీసులు రాసుకునే సంఘటనల రికార్డు) తెరిచి 'ఎర్రర్' అని వెతుకుతారు. వేల లైన్లు వచ్చిపడతాయి, టెన్షన్ పెరుగుతుంది, కారణం మాత్రం దొరకదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందు మెట్రిక్స్‌లో, అంటే సమయం వారీగా నమోదయ్యే అంకెల్లో తేల్చుకోండి. ఎందుకు అన్నది ఆ తర్వాత లాగ్స్‌లో చూడొచ్చు. మెట్రిక్స్‌కు ప్రొమీథియస్, లాగ్స్‌కు లోకీ, రెండూ చూడ్డానికి గ్రఫానా వాడేవాళ్ల కోసం ఈ పద్ధతి.

1. గ్రఫానా మెనూలో ఎక్స్‌ప్లోర్ తెరిచి, డేటా సోర్స్‌గా ప్రొమీథియస్‌ను, సమయం చివరి గంటను ఎంచుకోండి.

2. మొత్తం రిక్వెస్టులను లెక్కపెట్టే మెట్రిక్ ఒక కౌంటర్. అది పెరుగుతూనే పోతుంది, సర్వీస్ రీస్టార్ట్ అయితే సున్నాకు వస్తుంది. దాన్ని అలాగే గ్రాఫ్ గీస్తే పైకెక్కే గీత తప్ప ఏమీ తెలియదు. రేట్ ఫంక్షన్‌లో పెట్టి 5 నిమిషాల వ్యవధి ఇస్తే సెకనుకు ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో కనిపిస్తుంది. ప్రొమీథియస్ 15 సెకన్లకోసారి డేటా తెచ్చుకుంటుంటే వ్యవధి కనీసం 1 నిమిషం ఉంచండి.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం: ముందు రేట్, తర్వాతే సమ్ (అన్ని సర్వర్ల లెక్కనూ కలపడం). తిప్పి రాస్తే ఒక్క సర్వర్ రీస్టార్ట్ అయినా మొత్తం తగ్గుతుంది. రేట్ దాన్ని కౌంటర్ రీసెట్ అనుకుని, లేని ట్రాఫిక్‌ను ఉన్నట్టు చూపిస్తుంది.

3. స్టేటస్ కోడ్ 5తో మొదలయ్యే, అంటే సర్వర్ ఎర్రర్ వచ్చిన రిక్వెస్టుల రేటును మొత్తం రేటుతో భాగించండి. 40 ఎర్రర్లు 50 రిక్వెస్టుల్లో వచ్చాయా, 40,000లో వచ్చాయా అన్నదే అసలు విషయం. సర్వీస్ వారీగా విడగొడితే ఎక్కడ తేడా ఉందో తెలిసిపోతుంది. ఆలస్యం కొలిచేటప్పుడు సగటును నమ్మకండి, 95వ పర్సంటైల్ (100లో 95 రిక్వెస్టులు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో చెప్పే అంకె) చూడండి.

4. గ్రాఫ్‌లో పైకి లేచిన భాగాన్ని మౌస్‌తో లాగి ఎంచుకోండి. స్ప్లిట్ నొక్కి, పక్క పేన్‌లో లోకీ పెట్టి, అదే సమయాన్ని ఉంచండి. లోకీ ఇండెక్స్ చేసేది లేబుల్స్‌ను (సర్వీస్ పేరు లాంటి ట్యాగులను) మాత్రమే, లాగ్‌లోని మాటలను కాదు. కాబట్టి ముందు సర్వీస్, ఎన్విరాన్‌మెంట్ లేబుల్స్‌తో పరిధి తగ్గించి, తర్వాత, ఒక మాట ఉన్న లైన్లనే తెచ్చే |= గుర్తు పక్కన 'టైమౌట్' లాంటి మాట ఇవ్వండి. లాగ్ లైన్‌ను ఫీల్డులుగా విడగొట్టే జేసన్ పార్సర్, ఆ ఫీల్డుల మీద పెట్టే షరతులు ఆ తర్వాతే. ఇలా రాస్తే పెద్ద క్వెరీ కూడా త్వరగా తిరిగొస్తుంది.

మన దేశంలో పనిచేసేవాళ్లు ఒకటి గమనించాలి. గ్రఫానా మామూలుగా మన బ్రౌజర్ సమయమే చూపిస్తుంది, లాగ్ లైన్ లోపల మాత్రం తరచూ మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీ సమయం ఉంటుంది. గ్రాఫ్‌లో మధ్యాహ్నం 2:10 అయితే లైన్‌లో 8:40 ఉంటుంది.

5. ఎర్రర్ లైన్‌లో రిక్వెస్ట్ ఐడీ (ఆ ఒక్క రిక్వెస్టుకే ఇచ్చే గుర్తింపు) ఉంటే కాపీ చేసుకోండి. సర్వీస్ లేబుల్ తీసేసి, ఎన్విరాన్‌మెంట్ లేబుల్ ఉంచి, ఆ ఐడీతో మళ్లీ వెతకండి. ఆ రిక్వెస్ట్ ఏయే సర్వీసుల్లో తిరిగిందో, ముందుగా ఎక్కడ ఆగిందో సమయం వరుసలో కనిపిస్తుంది. వెతకడం సులువవుతుందని ఐడీని లేబుల్‌గా మాత్రం పెట్టకండి. ప్రతి రిక్వెస్టుకూ ఒక కొత్త స్ట్రీమ్ (ఒకే లేబుల్స్ ఉన్న లాగ్ లైన్ల వరుస) పుట్టి లోకీయే నెమ్మదిస్తుంది.